తోడికోడలి గొంతులో నా పాట

మొన్న వేసవిలో ఇక్కడ ఐర్లండ్‌లో పోర్ట్‌లీష్ దగ్గర ఒక హోటల్లో జరిగిన పెళ్ళికి వెళ్ళాను. పెళ్ళికూతురు మావారి పాత స్నేహితుడి కూతురు, ఈ దేశంలోనే పుట్టి ఈ వానల్లోనే పెరిగిన పిల్ల. భోజనాల వేళ మగపెళ్ళివారి బల్ల ముందు అయిదారుగురు ఆడపిల్లలు పరికిణీలు ఎగదోపుకుని నిలబడి, పెళ్ళికొడుకును ఆటపట్టిస్తూ ఒక పాట ఎత్తుకున్నారు.

ఉల్లి తరగమంటె బావ ఊరు దాటెనే
పిల్లనెత్తమంటె బావ పిల్లిలా జారెనే

తెలుగు మాటలు వాళ్ళ నోట ఐరిష్ యాసలో మెత్తబడి వస్తున్నా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగారు, ఎక్కడ దగ్గాలో అక్కడ దగ్గారు. నా పక్క కుర్చీలో కొత్తగా హైదరాబాదు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఒకతె కూర్చుని ఉంది. "భలే ఉంది కదా ఆంటీ! మన పల్లెటూళ్ళల్లో పాత పాటంట, ఎవరు కట్టిన్రో కూడా తెల్వదంట" అంది. నేను పప్పులో నెయ్యి కలుపుకుంటూ అలాగా అన్నాను. ఆ పాట ఏ పల్లెటూళ్ళోనూ పుట్టలేదు. పాతికేళ్ళ కిందట వాటర్‌ఫోర్డ్‌లో మా అద్దె ఇంటి వంటగదిలో, బజ్జీల మూకుడు ముందు, నా నోట్లో పుట్టింది. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఈ భూమి మీద ఇప్పుడు ఇద్దరమే ఉన్నాం. ఒకతెను నేను. రెండో ఆమె మా తోడికోడలు. మా ఇద్దరికీ మాటలు లేవు.

సంపాదనలో ముందుకు దూకుతోందని పత్రికలన్నీ ఈ దేశాన్ని పులి అని పొగుడుతున్న రోజుల్లో మేము ఇక్కడికి వచ్చాం. ఎక్కడ చూసినా కొత్త కట్టడాలే, ఎవరి నోట విన్నా ఉద్యోగాల మాటే. మావారు ఒక మందుల ఫ్యాక్టరీలో కెమికల్ ఇంజినీరు. తణుకులో పన్నెండేళ్ళు బళ్ళో తెలుగు పాఠాలు చెప్పి వచ్చిన నాకు మాత్రం, ఈ దేశంలో పని చెయ్యడానికి వీల్లేదని పాస్‌పోర్టులో ఒక ముద్ర గుద్ది ఇచ్చారు. పులి ఊరంతటికీ వేట పంచుతుంటే నేను ఇంట్లో కూర్చుని కిటికీ అద్దం మీద వానచినుకులు లెక్కపెట్టేదాన్ని. మాకు పిల్లలు లేరు. పలకరించడానికి పక్కింటి ముసలావిడ ఒక్కతె ఉండేది. ఆవిడకు ఏం చెప్పినా "గ్రాండ్, గ్రాండ్" అనేది, భేష్ అన్నట్టు. ఒకసారి మా పెదనాన్న పోయాడని చెప్పినా పాపం అలవాటుకొద్దీ అదే మాట అని, నాలుక కరుచుకుని, మర్నాడు కేకు చేసి పట్టుకొచ్చింది.

పాటలు నాకు మా మేనత్త నుంచి వచ్చాయి. మా వైపు పెళ్ళిళ్ళలో ఎగతాళి పాటలు ఎలా ఉండేవో నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు. వియ్యపురాలి నడక మీద, వియ్యంకుడి బట్టతల మీద, పెళ్ళికొడుకు తిండి మీద అప్పటికప్పుడు పాట కట్టి మొహం మీదే పాడేవాళ్ళు. మా మేనత్త వస్తోందంటే మగపెళ్ళివారు కండువాలు సర్దుకునేవారు. అయితే ఆవిడకు కొన్ని పట్టింపులుండేవి. మరిదిని ఎన్నైనా అను, బావమరిదిని ఏమైనా అను, బావగారి జోలికి మాత్రం వెళ్ళకు అనేది. భర్తకు అన్నగారంటే మామగారి తరవాత మామగారు, ఎదురుపడితే పైట సర్దుకుని పక్కకు తప్పుకోవలసిన మనిషి, ఆయన మీద నవ్వడం మన ఇళ్ళల్లో లేదు. ఆవిడ నేర్పిన బాణీలన్నీ నా దగ్గర ఉన్నాయి, మాటలు ఊరికే పుట్టుకొస్తాయి, లేనిదల్లా గొంతు. నలుగురి ముందు నిలబడితే నా గొంతు పూడుకుపోతుంది. పన్నెండేళ్ళు పాఠాలు చెప్పిన నోరు పాట దగ్గరకు వచ్చేసరికి ఎందుకలా అవుతుందో నాకు నేటికీ తెలియదు.

మేము వచ్చిన రెండేళ్ళకు మా మరిదికి డబ్లిన్‌లో కంప్యూటర్ ఉద్యోగం వచ్చి, భార్యతో ఆ పక్కనే లూకన్‌లో దిగాడు. పెళ్ళిలో నాలుగు రోజులు చూడడమే తప్ప ఆమెతో నాకు అంతకుముందు పరిచయం లేదు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగిన పిల్ల, నాకన్నా పద్నాలుగేళ్ళు చిన్నది. తెలుగు గలగలా మాట్లాడుతుంది కాని అక్షరం ముక్క చదవలేదు. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు వంటింట్లో గోడ అలమరలన్నీ (వాటిని ఇక్కడ ప్రెస్సులంటారని నాకు రెండేళ్ళకు తెలిసింది, ఆమెకు రెండు వారాలకే తెలిసింది) వరసగా తెరిచి చూసి, "అక్కయ్యా, మీ ప్రెస్సుల్లో ఇన్ని ఖాళీ సీసాలు ఎందుకండీ, షాపు పెడతారా?" అని పడీపడీ నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్న సామెత ఊరికే పుట్టలేదని మావారితో అన్నాను కూడా.

ఆ నవ్వుకు నేను లొంగిపోయింది మా ఇంట్లో జరిగిన ఒక సీమంతం రోజున. మావారి ఆఫీసులో పనిచేసే ఒకాయన భార్యకు ఇక్కడ ఎవరూ లేరని మేమే చేశాం. ఆ భర్తగారు ఉల్లిపాయలు కొయ్యమంటే కళ్ళు మండుతున్నాయని కారు తీసుకుని బయటపడ్డాడు. నేను బజ్జీలు వేస్తూ, మా మేనత్త బాణీలో, లోలోపల గొణుక్కుంటూ, ఇంకా పుట్టని పిల్లను కూడా లాగి, ఆ రెండు పాదాలూ కట్టాను. పక్కన పిండి కలుపుతున్న తోడికోడలు చెవి పెట్టి విని, ఇంకోసారి అనండి అక్కయ్యా అంది. అన్నాను. ఆమె చేతికంటిన పిండితోనే ముందుగదిలోకి వెళ్ళి, పేరంటాళ్ళందరి మధ్యా నిలబడి, ఆ పాట ఎత్తుకుంది. 'ఊరు' దగ్గర ఆగింది. గుమ్మంలోంచి అప్పుడే లోపలికి వస్తున్న ఆ భర్తగారి వంక చూసింది, చిన్నగా దగ్గింది, అప్పుడు 'దాటెనే' అంది. నవ్వులతో ఇల్లు ఎగిరిపోయింది. ఆ దగ్గు నేను కట్టింది కాదు. ఆ చూపు నాకు తట్టేది కాదు. మాటలు నావే అయినా పాట అయింది మాత్రం ఆమె నోట్లోనే. అప్పుడు నాకు కలిగిన సంతోషం నా పెళ్ళినాడు కూడా కలగలేదంటే మావారు పై నుంచి వింటూ ఏమీ అనుకోరు, ఆయనకు తెలుసు.

ఆ తరవాత పదేళ్ళపాటు మంగళవారం మంగళవారం, మగవాళ్ళు ఆఫీసులకు వెళ్ళాక, మా ఫోను మోగేది. మాది వాటర్‌ఫోర్డ్, వాళ్ళది లూకన్, మధ్య మూడు గంటల దారి. కాగితం మీద రాసి పంపుదామంటే ఆమె చదవలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే నాకు ఒళ్ళు జలదరించేది. అందుకని అంతా నోటితోనే జరిగేది. నేను ఒక పాదం అనేదాన్ని, ఆమె అటునుంచి దాన్ని పాడి వినిపించేది. ఫలానా చోట ఆగు, ఫలానా చోట పైట విదిలించు అని నేను చెబితే, ఫోనులో పైట విదిలింపు నాకెలా కనపడుతుందనుకుందో కాని నిజంగా లేచి విదిలించేదట. కూరల ధర, మరిది గురక, డాక్టరు దగ్గర పడిగాపులు, ఆమె గర్భం నిలవకపోవడం, నా పనిలేని పగళ్ళు అన్నీ ఆ ఫోనులోనే దొర్లేవి. మాటల మధ్యలోంచే పాట పుట్టేది, పాట మధ్యలోంచి మళ్ళీ మాటల్లోకి జారేవాళ్ళం. ఇది కబురు, ఇది పాట అని మధ్యన గీత గీసుకునే అవసరం మాకు ఎన్నడూ రాలేదు.

అలా కట్టిన పాటలు నలభైకి పైనే ఉంటాయి. గాలికి తిరగబడ్డ గొడుగు మీద, ఇంటి లీజు చదివి చదివి నిద్రపోయిన మొగుడి మీద, కొత్తగా వచ్చిన లువాస్ రైల్లో కొబ్బరికాయ దొర్లిపోతే వెంటపడిన పూజారిగారి మీద. డబ్లిన్‌లో తెలుగువాళ్ళం ఏ హాలు అద్దెకు తీసుకుని దసరా చేసుకున్నా, ఉగాది చేసుకున్నా, ఆమె పాట లేకపోతే పిల్లలు ఊరుకునేవారు కాదు. వాళ్ళు ఆమెకు పాటల ఆంటీ అని పేరు పెట్టారు. నాకూ ఒక పేరుండేది, పాటల ఆంటీవాళ్ళ తోడికోడలు అని.

ఇక్కడ నా కడుపుమంట దాచుకోను. సొమ్మొకడిది, సోకొకడిది. ఒక దసరాకి నేను హాలు వెనక వంటగదిలో పులిహోర గిన్నెలు సర్దుతుంటే మైకులో ఎవరో ఆమెను అడిగారు, ఇన్ని పాటలు ఎక్కడ నేర్చుకున్నారండీ అని. ఆమె తన అలవాటు ప్రకారం గలగలా నవ్వి, "ఏదో, అలా వచ్చేస్తాయండీ!" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. వచ్చేస్తాయట. ఎక్కడి నుంచి వస్తాయి తల్లీ, కుళాయిలోంచా? ఇంటికి వచ్చే దారిలో మావారితో ఆ మాటే పదిసార్లు అన్నాను. నువ్వు వేదిక ఎక్కవు, ఎక్కమని ఆ పిల్ల ప్రతిసారీ చెయ్యి పట్టుకు లాగుతూనే ఉంటుంది, ఇప్పుడు ఏడిస్తే ఎలా అన్నారాయన. ఆ మాట నిజమే. నిజమైన మాట ఆ వేళకు సహించదు. మంగళవారం ఫోనులో ఆమెతో ఏమీ అనలేదు. అనకుండా లోపల పెట్టుకున్నాను, ఆవకాయ జాడీలో పెట్టినట్టు, ఏడాదికేడాదీ ఊరింది.

మావారి సంగతి చెప్పాలి. ఆయన నెమ్మదైన మనిషి. ఆయన మీద నేను కట్టిన పాటలు, భార్యగా నాకున్న చనువుతో కట్టినవి, ఆమె పాడడమంటే బావగారిని ఎగతాళి చెయ్యడమే. మొదట్లో ఆమె వణికిపోయింది. రైల్వే కాలనీలో పెరిగినా ఆ భయం మాత్రం ఆమెకు ఉంది. ఆయనే ఒకనాడు భోజనం దగ్గర, "పాడమ్మా, నేను నీకు బావగార్ని కాదు, అన్నయ్యననుకో" అన్నారు. ఆ పై నుంచి ఆయన హాలులో రెండో వరసలో కూర్చుని, తన మీద పాట వస్తే అందరికన్నా ముందు నవ్వేవారు. మా మేనత్త ఉంటే నా చెవి మెలిపెట్టి ఉండేది.

మా మంగళవారాల పదో ఏట పులి కూలబడింది. మా మరిది అప్పటికి ఆడమ్స్‌టౌన్‌లో కొత్తగా కట్టిన ఇల్లు కొనుక్కుని చేరాడు. వాళ్ళ వీధిలో సగం ఇళ్ళు మొండిగోడలతో అలాగే నిలిచిపోయాయి. మావారి ఫ్యాక్టరీలో ఒక శుక్రవారం కొందరిని గదిలోకి పిలిచి, ఇక ఉద్యోగం లేదని చేతికి కాగితాలిచ్చారు. అందులో ఈయన ఒకరు. అప్పటికి ఆయనకు యాభై అయిదు. ఆ మాట నాకు ఆయన అయిదు వారాలు చెప్పలేదు. ఎప్పటిలాగే పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, నేను కట్టిచ్చిన డబ్బా పట్టుకుని బయలుదేరేవారు. సాయంత్రం ఖాళీ డబ్బాతో వచ్చేవారు. ఒక ఆదివారం మధ్యాహ్నం, వార్తల్లో ఆ ఫ్యాక్టరీ పేరు వినపడితే నేను ఏమిటిదని అడిగాను. అప్పుడు చెప్పారు. రోజూ కారు ఏటి గట్టున ఆపుకుని కూర్చుంటున్నారట. అన్నం సయించక, పక్షులకు పెడుతున్నారట. ఎవరికీ చెప్పవద్దని నా చెయ్యి పట్టుకున్నారు. ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆయన నన్ను కోరిన కోరికలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, అందులో అది ఒకటి.

మంగళవారం వచ్చింది. ఫోను మోగింది. నేను తోడికోడలికి చెప్పేశాను. చెప్పి ఏడ్చాను, ఆమె కూడా ఏడ్చింది. పదేళ్ళుగా ఆ ఫోనులో చెప్పకుండా దాచిన సంగతంటూ ఏదీ లేదు, ఇది ఒక్కటి ఎలా దాస్తాను? ఆ ఏడుపులోనే, ఎలా వచ్చిందో, రాకూడనిది వచ్చింది.

పొద్దున్నె డబ్బా పట్టుకు పోయే పెద్దమనిషెవరే
పొద్దుగూకి డబ్బాతోటే వచ్చే పెద్దమనిషెవరే

అని అన్నాను. ఎగతాళికి కాదు, గుండె బరువుకు అన్నాను. మా ఇంట్లో బరువు దించుకునే పద్ధతే అది. మా మేనత్త తన మొగుడు పోయిన ఏడాది కూడా పాటలోనే ఏడ్చింది. తోడికోడలు అటువైపు ఆ పాదాలు మెల్లగా పాడింది. పాడి, ఏడుపు మధ్యలోంచే, ఆపుకోలేక, ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను.

ఏడుస్తూ ఫోనులో ఆమెకు గుట్టు చెప్పానన్నంతవరకు మా బంధువులందరికీ తెలిసిన కథే. ఇది చెప్పి, చూశారా, నమ్మి ఇంటి గుట్టు చెప్పుకుంటే ఏం చేసిందో అని నేను ఏళ్ళతరబడి అందరి దగ్గరా వాపోయాను. ఆ పాదాలు నావని చెప్పలేదు, దాన్ని మించి చెప్పనిది ఇంకొకటి ఉంది. ఆమె నవ్వగానే నా కళ్ళు ఆరిపోయాయి. ఫోను భుజానికి ఆనించుకుని, కొంగుతో ముక్కు తుడుచుకుని, రెండో చరణం కట్టాను.

ఏటి గట్టున కొంగల కొలువు ఎవ్వరు చేస్తారే
పూట పూటా పెరుగన్నం పంచి ఎవ్వరు వస్తారే

'కొలువు' తరవాత ఆగమని చెప్పాను. ఆగి, దగ్గవద్దు, ఈసారి ఊరికే చేతి గడియారం చూసుకో అని చెప్పాను. అంత బాగా కుదిరిన చరణం నేను అంతకుముందు కట్టలేదు. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసి పొంగిపోయాను. ఇంట్లో ఆయన మంచం మీద పడుకుని పైకప్పు చూస్తున్నారు, వంటగదిలో నేను ఆయన బాధకు ప్రాస కుదిరిందని మురిసిపోతున్నాను. ఇది పాడేది కాదు సుమా అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

ఆ ఉగాదికి ఆయన రానన్నారు. మరిది కారు వేసుకుని వచ్చి, పెద్దవాడివి నువ్వు లేకపోతే ఎలా అన్నయ్యా అని బలవంతాన బయలుదేరదీశాడు. పచ్చడి పంచారు, పంచాంగం చదివారు, పిల్లలు నాట్యం చేశారు. చివర పాటల ఆంటీని పిలిచారు. నేను వెనక వరసలో కూర్చున్నాను. ఆమె డబ్బా పాట మొదటి పాదం ఎత్తుకుంది. లేచి ఆపవచ్చు, దగ్గవచ్చు, కుర్చీ తన్నేయవచ్చు. ఏదీ చెయ్యకుండా, కొలువు తరవాత ఆగుతుందా లేదా అని విన్నాను.

ఆగింది. గడియారం చూసుకుంది. హాలంతా విరగబడి నవ్వింది. మూడు వందల మంది నవ్వు. ఆ నవ్వులో వాటర్‌ఫోర్డ్ వాళ్ళ మూల ముందు చల్లారింది. ఆయనతోపాటు కాగితాలు అందుకున్నవాళ్ళు ముగ్గురు అక్కడ ఉన్నారు. వాళ్ళు తలలు తిప్పి రెండో వరస వంక చూశారు, వాళ్ళను చూసి వాళ్ళ భార్యలు చూశారు, అలా వరస వెంట వరస చూపులన్నీ ఆయన మీదకు చేరాయి. ఆయన మాత్రం పాట అయిపోయేదాకా కూర్చుని, అందరితోపాటు చప్పట్లు కొట్టారు. తరవాత కోటు తొడుక్కుని, కారు దగ్గర ఉంటానని నాకు సైగ చేసి వెళ్ళారు. నవ్వు నాలుగు విధాల చేటంటారు. మిగిలిన మూడూ ఏమిటో నాకు తెలియదు కాని ఒకటి ఆవేళ కళ్ళారా చూశాను.

మర్నాడు, మళ్ళీ ఏటి గట్టుకైనా వెళతారని డబ్బా కట్టి ఇస్తే, వద్దులే అన్నారు. ఆ పై నుంచి ఆయన తెలుగువాళ్ళ గుమ్మం తొక్కలేదు. రెండేళ్ళ తరవాత ఒక గిడ్డంగిలో సరుకు లెక్కచూసే పని దొరికింది, చేశారు. ఎవరైనా ఫోను చేస్తే లేనని చెప్పమనేవారు.

మంగళవారం మామూలు వేళకే ఫోను మోగింది. ఆమె వెక్కుతోంది. బావగారు ఎప్పటిలా నవ్వేస్తారనుకున్నానని, నలుగురిలో నవ్వేస్తే ఆ బరువు దిగిపోతుందనుకున్నానని, మా ఆయన నా మొహం చూడడం లేదని, అత్తయ్యగారు ఇండియా నుంచి ఫోను చేసి బావగారి మీద పాట కట్టే దానివయ్యావా అని తిట్టారని, ఏవేవో చెప్పింది. చివరికి, "అక్కయ్యా, నువ్వే కట్టావని వీళ్ళకు చెప్పవా? ఒక్క బావగారికైనా చెప్పు. నేను నా అంతట నేను కట్టి పాడానని అనుకుంటున్నారు. నాకు అంత తెలుగు ఎక్కడిది?" అంది.

పదేళ్ళు ఎదురుచూశాను ఆ మాట కోసం. పాట నాదని ఆమె నోటితో ఆమె ఒప్పుకోవాలని. తీరా ఒప్పుకున్న రోజున నేనన్న మాట ఇది. "ఏమో అమ్మా, అవన్నీ నీకు అలా వచ్చేస్తాయిగా!"

అటువైపు ఫోను పెట్టేసిన శబ్దం వినిపించింది. మళ్ళీ ఏ మంగళవారమూ అది మోగలేదు.

నేను ఎవరికీ ఏమీ కల్పించి చెప్పలేదు, అంత అవసరం రాలేదు. అందరూ ఆమే కట్టిందనుకున్నారు, పదేళ్ళుగా అన్నీ ఆమే కట్టిందనుకుంటున్నట్టే. నేను ఊరుకున్నాను. అత్తగారు పోయేదాకా ఆమెను క్షమించలేదు. అన్నదమ్ములు పండక్కి ఒక మాట, పుట్టినరోజుకు ఒక మాట అన్నట్టుగా మిగిలారు. సంఘంలో కొందరు ఆమెను చూస్తే మొహం తిప్పుకునేవారని తెలిసి నాకు కొంత తృప్తిగా కూడా ఉండేదంటే, చదివేవారు నన్ను అసహ్యించుకోవచ్చు. ఆమె ఆ తరవాత పాడలేదు. ఎంతమంది అడిగినా గొంతు పోయిందని చెప్పేదట.

తొమ్మిదేళ్ళ తరవాత మావారు జబ్బుపడి వాటర్‌ఫోర్డ్ ఆసుపత్రిలో చేరారు. ఒక మధ్యాహ్నం, నేను కమలాపండు వొలిచి పెడుతుంటే, కిటికీలోంచి బయటకు చూస్తూ ఆయన ఉన్నట్టుండి అన్నారు. "ఆ డబ్బా పాటలో రెండో చరణం నీదే కదూ. చాలా బాగా కట్టావు." నా చేతిలో తొన చితికిపోయింది. ఎప్పుడు తెలిసిందని అడిగాను. ఆవేళే తెలిసింది, కొలువన్న మాట ఆ పిల్లకు ఎక్కడ తెలుసు అన్నారు. మరి నన్ను ఒక్క మాటైనా అనలేదేమని అడిగాను. నువ్వు చెబుతావేమోనని చూశాను, చూసి చూసి అలవాటైపోయింది అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను బతికిపోయేదాన్ని. ఆ అమ్మాయిని ఒకసారి పిలువు, ఆమె ముందు నేనే చెబుతాను, నీకు కష్టంగా ఉంటే నువ్వు బయట కూర్చో అన్నారు. పిలుస్తానన్నాను. సోమవారం పిలుద్దామనుకున్నాను, జ్వరం తగ్గాక పిలుద్దామనుకున్నాను, ఇంటికి వచ్చేశాక పిలుద్దామనుకున్నాను. ఆయన ఇంటికి రాలేదు.

ఆయన పోయిన రోజున ఆమె వచ్చింది. మరిది వెనక నిలబడి, పూలు పెట్టి, బావగారి కాళ్ళకు దణ్ణం పెట్టుకుంది. నా దగ్గరకు వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఒక్క నిముషం అక్కడే ఆగింది, ఏదో వింటానన్నట్టు. ఎక్కడ ఆగాలో ఆమెకు ఎప్పుడూ తెలుసు. నేను తల దించుకుని ఏడుస్తున్నట్టు ఉండిపోయాను. ఆమె చెయ్యి తీసేసి వెళ్ళిపోయింది.

అదీ జరిగి ఏళ్ళవుతోంది. ఈ దేశం చాలా మారిపోయింది. నాకిప్పుడు ఇక్కడి పౌరసత్వం ఉంది, పని చెయ్యవచ్చు, చేసే వయసు దాటిపోయింది. తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు, నాలుగు సంఘాలు, నాలుగు ఉగాదులు. ఎవరి మీదా పాట కట్టడానికి లేదు, ఎందుకంటే ఎవరికీ ఎవరూ తెలియరు, ఒకరి వంటగదిలో ఒకరు పిండి కలిపి ఎరగరు. ఎగతాళికి ముందు చుట్టరికం ఉండాలి. ఆ రోజుల్లో మేము గుప్పెడుమంది, అందుకే అంతలేసి నవ్వులు నవ్వుకున్నాం, అంతలేసి దెబ్బలూ కొట్టుకున్నాం. ఇప్పటివాళ్ళకు రెండూ తప్పాయి.

వాటర్‌ఫోర్డ్ నుంచి ఆడమ్స్‌టౌన్‌కు మోటార్‌వే మీద రెండు గంటలు కూడా పట్టదు. ఒకసారి వెళ్ళి, మరిదినీ వాళ్ళ స్నేహితుల్నీ నలుగురినీ కూర్చోబెట్టి, ఆ డబ్బా పాట నాది అని చెబితే ఆమె మళ్ళీ నోరు విప్పుతుందేమో. చెప్పాలనే అనుకుంటాను. ఎవరైనా వచ్చి ఆ నలభై పాటలూ ఎవరివని అడిగితే నావి, నావి అని వీధిలో నిలబడి అరవాలని నాకు ఇప్పటికీ ఉంది. ఉల్లిపాయల పాట నాది, గొడుగు పాట నాది, కొబ్బరికాయ పాట నాది. లోపల ఎక్కడో ఒక నీచపు కోరిక మాత్రం ఇన్నేళ్ళయినా చావడం లేదు. ఆ ఒక్క పాటా ఆమెదిగానే ఉండిపోవాలని.